అన్నం తిన్నాక

జూన్ 11, బుధవారం

విశాఖ వెళ్లి వచ్చాం, నేనూ తమ్ముడూ. వెళ్లేటప్పుడు పాసింజరు, వచ్చేటప్పుడు కూడా పాసింజరే. కొత్తవలసలో దిగబోతే తమ్ముడి కాలు రైలు మెట్టు మీద అతుక్కుపోయింది. వెనక నుంచి ఎవరో "బేగి దిగండి బాబూ" అని తొందరపెట్టారు. నేను ముందు దిగి, చేయి పట్టుకుని, "ఒకటి, రెండు" అన్నాను. మూడుకి దిగాడు. అంకెలు చెబితే కాలు కదులుతుందని డాక్టరు గారే నేర్పారు.

వణుకుడు జబ్బు పట్టి నాలుగేళ్లయింది. డాక్టరు గారు చేతులు తిప్పించారు, నడిపించారు, కాగితం ఇచ్చి పేరు రాయమన్నారు. మోహనకృష్ణ అని రాశాడు. మొదటి అక్షరం సెనగగింజంత, చివరిది ఆవగింజంత. రోజుకి మూడుసార్లు వేసుకునే మాత్ర ఐదుసార్లు చేసి, కొత్తది ఇంకొకటి కలిపారు. నెలకి మూడు వేల రెండు వందలయ్యేది ఇక ఐదు వేల ఎనిమిది వందలు. ఇది పోయే జబ్బు కాదు, మాత్రలతో నడిపించుకోవాల్సిందే అన్నారు.

ఇంటికొచ్చాక మరదలు శైలజ మందుల చీటీ రెండువైపులా చూసింది.

"కొట్టు అద్దెకిచ్చీసుకుందాం వదినా. బజార్లో చోటు. ఎవరో ఒకరు అడుగుతానే ఉన్నారు కదా."

దీపం పెట్టే వేళయిందని లేచాను.

జూన్ 13, శుక్రవారం

కొట్టు ఇవ్వడం కుదరదు. కొట్టుంది గనకే తమ్ముడు ఆరింటికి లేస్తున్నాడు. షట్టరు తియ్యడానికి పావుగంట పట్టినా తనే తీస్తాడు. అది లేకపోతే మంచం మీద నుంచి లేవడానికి కారణం ఉండదు. పొట్లాలు నేను కడతాను, కాటా శైలజ చూస్తుంది. ఇలా నడుస్తుంది.

నాన్న ఆ కొట్టు మా ఇద్దరి పేర్నా రాశాడు. నా సంతకం లేకుండా ఎవరికీ ఇవ్వలేరు.

జూన్ 15, ఆదివారం

ఉపవాసం. పెళ్లయినప్పటి నుంచీ సూర్యనారాయణమూర్తికి ఆదివారాలు ఉంటున్నాను. ఆరోగ్యం ఇచ్చే దేవుడు. తమ్ముడి కోసం వంద నమస్కారాలు చేశాను.

నా షుగరు మాత్రల చీటీ మీద 'ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక' అని ఉంది. అన్నం తినని రోజు వేసుకోకూడదు కదా. ఖాళీ కడుపున వేస్తే కళ్లు తిరుగుతాయట. అందుకని ఆదివారాలు వేసుకోను. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు.

జూన్ 24, మంగళవారం

శివాజీ అనే కుర్రాడు వచ్చాడు. స్టేషను రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. కొట్టు మొత్తం కావాలట. నెలకి పన్నెండు వేలు, యాభై వేలు అడ్వాన్సు. మాట మర్యాదగానే ఉంది. శైలజ టీ ఇచ్చింది. తమ్ముడు నా మొహం చూశాడు.

"ఇచ్చే ఉద్దేశం లేదు బాబూ" అన్నాను.

అతను వెళ్లాక శైలజ గ్లాసులు గట్టిగా కడిగింది.

తమ్ముడన్నాడు: "అక్కా, నెలకి ఐదు వేల ఎనిమిదొందలు ఎక్కణ్ణుంచి వస్తాది?"

"వస్తుంది. నేను చూసుకుంటాను."

"ఏటి చూసుకుంటావు?"

"స్వామి ఉన్నాడు."

"ఆయనకి మందుల షాపులో ఖాతా ఉన్నాదేటి?"

తమ్ముడి మొహంలో నవ్వు కనపడదు. జబ్బు మొహాన్ని కూడా బిగించేసింది. అయినా అది హాస్యమే. అలాగే తీసుకున్నాను.

జులై 2, బుధవారం

పైడిరాజు మందుల షాపుకి వెళ్లాను. తమ్ముడికి నెల మందులు ఐదు వేల ఎనిమిది వందల ఇరవై. నాకు ఆరు షీట్లు, పదకొండు వందల నలభై. మాత్ర పంతొమ్మిది రూపాయలు పడుతోంది. ఆసుపత్రిలో ఊరికే ఇచ్చే మాత్ర నాకు చాలదని కిందటేడు డాక్టరు ఇది రాశారు.

కొట్టులో జూన్ మిగులు తొమ్మిది వేల చిల్లర. ఈ మందులు పోను మిగిలిన రెండు వేలలో కరెంటు, గ్యాసు, పాలు.

నేను పాలు మానేశాను. మజ్జిగ చాలు.

జులై 6, ఆదివారం

తొలి ఏకాదశి. మనసు చాలా ప్రశాంతంగా ఉంది. పూజలో కూర్చున్నప్పుడు తట్టింది. ఒక్క ఆదివారం ఉపవాసం తమ్ముడి జబ్బుకి చాలడం లేదేమో. సోమవారాలు శివుడికి, శనివారాలు వెంకటేశ్వరుడికి కూడా పట్టాను.

ఈ లెక్కన మాత్రలు కూడా ఎక్కువ రోజులు వస్తాయి. అందుకోసం పట్టలేదు.

జులై 14, సోమవారం

ఉపవాసం. బాగానే ఉన్నాను.

జులై 17, గురువారం

కొట్టులో బేరం బాగుంది. నారాయణమ్మ వచ్చింది. పల్లె నుంచి జీడిమామిడి పళ్లూ కూరగాయలూ తెచ్చి బజార్లో అమ్ముకుని, పోతూ పోతూ మా దగ్గర సామాన్లు కొనుక్కుంటుంది. ఇరవై ఏళ్ల వాడుక. తమ్ముడి మొహం చూసి నొచ్చుకుంది.

"సావుకారికి నామీద కోపమేటమ్మా? పలకరిత్తే మొకం గంటు పెట్టుకున్నాడు. నాను బాకీ తీర్సీసినాను కదేటి?"

తమ్ముడు గొంతు పెంచలేడు. అది కూడా జబ్బే. ఆమె వంగి చెవి దగ్గర పెట్టింది.

"నవ్వుతన్నాను నారాయణమ్మా. లోపల బయలుదేరింది. మొహం దాకా రావడానికి టైం పడతాది."

"ఓలమ్మో! అయితే రేపొచ్చి సూత్తానులే" అని నవ్వింది.

పంచదార పొయ్యబోతే తమ్ముడి చెయ్యి ఊగి సగం బల్ల మీద పడింది. "నువ్వులు జల్లించాలంటే ఇటివ్వండి, జల్లెడ అక్కర్లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. శైలజ నవ్వలేదు. పంచదార చేత్తో ఎత్తుతూ ఉండిపోయింది.

సాయంత్రం ఖాళీ నూనె డబ్బా జరుపుతుంటే దాని అంచు ఎడమ కాలి బొటనవేలికి గీసుకుంది. పసుపు పెట్టాను.

జులై 22, మంగళవారం

వేలు మానుతోంది.

జులై 29, మంగళవారం

వేలు మానుతోంది. కొంచెం చీము. చెప్పులు వేసుకుంటే ఒరుసుకుంటోందని మానేశాను.

జులై 31, గురువారం

శ్రావణం కదా, గురువారం కూడా పట్టాను. బాబాకి.

వారానికి నాలుగు రోజులు నా వంతు అన్నం వండే పని లేదు. శైలజ అంది: "దేవుళ్లందరికీ మనింట్లోనే బాకీ ఉన్నాం కాబోలు వదినా." మంచి పిల్ల. నోరే కొంచెం.

వానలకి చీమలు ఎక్కువయ్యాయి. బాత్రూంలో కూడా. వెనకటికి మా అత్తగారికి షుగరు ముదిరినప్పుడు ఇలాగే పట్టేవి. ఇవి వాన చీమలు.

ఆగస్టు 5, మంగళవారం

నూనె డీలరుకి ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చింది. సంతకం కలవలేదట. తమ్ముణ్ణి ఆటోలో బ్యాంకుకి తీసుకెళ్లాను. అక్కడ నాలుగు కాగితాల మీద సంతకం చేయించారు. నాలుగూ నాలుగు రకాలు. కౌంటరులో అమ్మాయి మెల్లగానే చెప్పింది.

"అంకుల్, ఇబ్బందిగా ఉంటే వేలిముద్రకి మార్చుకోవచ్చండి."

ముప్పై ఏళ్లు కొట్టు లెక్కలు రాసిన చెయ్యి. తమ్ముడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం కొట్టు తియ్యలేదు.

ఆగస్టు 12, మంగళవారం

కళ్లద్దాలు మార్చాలి. దీపం వత్తి రెండుగా కనపడుతోంది.

దాహం. ఎండలు తగ్గలేదు.

ఆగస్టు 20, బుధవారం

ఈరోజు జరిగింది రాయాలి.

మధ్యాహ్నాలు తమ్ముడు కొట్టులో కూర్చోలేకపోతున్నాడు. ఇంట్లో ఊరికే ఉండలేక మందుల డబ్బా ముందేసుకుని సర్దుతున్నాడు. కొట్టులో చేసినట్టే. పాత తేదీవి ముందుకి, కొత్తవి వెనక్కి. నేను వత్తులు చేసుకుంటున్నాను.

"అక్కా, నీ షుగరు మాత్రలు నెలకి ఎన్ని?"

"అరవై."

"బిల్లు మీద జులై రెండు అని ఉన్నాది. ఇవేళ ఆగస్టు ఇరవై. ఏడు వారాలు. మరి ఇంకా ఎనిమిది మాత్రలు ఉన్నాయేటి?"

"మధ్యలో ఒకసారి తెచ్చాను."

ఈ డైరీలో ఒప్పుకుంటున్నాను, అబద్ధం ఆడాను.

తమ్ముడు ఫోను తీశాడు. పైడిరాజు నంబరు నొక్కడానికి మూడుసార్లు తప్పాడు. నేను లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. ఫోను స్పీకరులో పెట్టాడు.

"లేదన్నా, అప్ప జులై తర్వాత మాత్రలకి రానేలేదు. నేనే అడుగుదామనుకుంటన్నాను. డాక్టరు మార్చీసేరేటి?"

తమ్ముడు ఫోను పెట్టేశాడు. షీటు నా ముందు పెట్టాడు.

"ముప్పై ఏళ్లు కొట్టులో కూర్చున్నానక్కా. సరుకెందుకు కదల్లేదో నాకు తెలీదేటి? ఒక ఇంట్లో నెలకి రెండు కేజీల పప్పు కొనేవాళ్లు కేజీ కొంటే, ఆ ఇంట్లో ఏటయిందో అడక్కుండానే తెలిసిపోతాది. నా ఇంట్లో తెలీలేదు."

"ఉపవాసం రోజు వేసుకోకూడదు" అన్నాను.

"ఎన్ని ఉపవాసాలు?"

తనే వేళ్ల మీద లెక్కపెట్టాడు. వణికే వేళ్ల మీద లెక్క చూడడం కష్టం. నాలుగు దగ్గర ఆగాడు.

ఆగస్టు 21, గురువారం

ఉపవాసం పట్టిన రోజు. ఉదయం ఆరుకి తమ్ముడి ఫోను మోగింది. మాత్ర వేళ. వేసుకోలేదు.

"నువ్వు దేవుడి కోసం మానీ. నేను నీ కోసం మానీస్తాను."

పంతానికి అన్నాడనుకున్నాను. పదింటికి ఫోను మళ్లీ మోగింది. శైలజ మాత్ర, నీళ్లు పట్టుకొచ్చింది. పళ్లు బిగించాడు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగుసుకుపోతున్నాడు. మోకాలి మీద చెయ్యి మాత్రం ఊగుతోంది. నేను పూజ గదిలోకి వెళ్లి ఆదిత్య హృదయం మొదలుపెట్టాను. మూడు శ్లోకాలయ్యాక ఏం చదువుతున్నానో తెలియలేదు.

పదకొండున్నరకి శైలజ గుమ్మంలో నిలబడింది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది.

"వదినా, ఆయన మెడ తిప్పలేకపోతన్నారు. నీళ్లు పోస్తే పక్కకి కారిపోతన్నాయి. మీకెవరు కావాలో మీరే సూసుకోండి."

బయటికి వచ్చాను. తమ్ముడి కళ్లు మాత్రమే నా వైపు తిరిగాయి. చిన్నప్పుడు చెరుకు తోటలో తేలు కుట్టినప్పుడు ఇలాగే చూశాడు. అప్పుడు వాడికి ఆరేళ్లు, నాకు తొమ్మిది. ఎత్తుకుని ఇంటిదాకా పరుగెత్తాను.

"అన్నం పెట్టు శైలజా" అన్నాను.

పొద్దుటి అన్నం ఉంది. అందులో చారు పోసింది. తమ్ముడి ఎదురుగా కూర్చుని తిన్నాను. కంచం అంతా తిన్నాను. మాత్ర వేసుకున్నాను. అప్పుడు వాడు నోరు తెరిచాడు. శైలజ మాత్ర నాలుక మీద పెట్టి, చెంచాతో నీళ్లు పోసింది.

గంటకి పైగా పట్టింది చెయ్యి లేవడానికి. లేచాక మొదట అన్న మాట:

"సారు బాగుందా?"

"ఉప్పు తక్కువైంది."

"మరదేటి, మాట్లాడకుండా తినీసేవు?"

ఆగస్టు 23, శనివారం

శైలజ నన్ను ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. వేలు చూపించమని నేను అనలేదు, ఆమే నా కాలు ముందుకి పెట్టించింది. షుగరు నాలుగు వందల పన్నెండు. డాక్టరు గారు వేలు కొసన సూదితో గుచ్చారు. నాకు తెలియలేదు. అది మంచిది కాదట.

"వేలు దక్కుతుందో లేదో రెండు వారాల తర్వాత చెబుతాను" అన్నారు. రోజు విడిచి రోజు కట్టు. ఇంజక్షన్లు. ఈవేళ ఒక్కరోజు పరీక్షలతో కలిపి రెండు వేల నూట యాభై.

ఇంటికొచ్చి లెక్క వేశాను. జులై రెండు నుంచి వేసుకోని మాత్రలు నలభై ఆరు. నలభై ఆరు పంతొమ్మిదిలు ఎనిమిది వందల డెబ్బై నాలుగు.

ఆగస్టు 25, సోమవారం

శైలజ నా వేలికి కట్టు మార్చింది. ఆసుపత్రిలో అయితే మార్చినప్పుడల్లా రెండు వందల యాభై అవుతుందని, నర్సు చేస్తుంటే చూసి నేర్చుకుంది. చేతులు నెమ్మదిగా ఉన్నాయి. మాటలు మాత్రం ఎప్పట్లాగే.

"దేవుడెప్పుడైనా మాత్రలు మానీమన్నాడేటి వదినా?"

"నేను అడగలేదు."

"మరెందుకు ఇదంతా?"

"కొట్టు పోతే తమ్ముడు మంచం పడతాడని."

"మీరు పడితే?"

కట్టు ముడి వేసి తల ఎత్తింది.

"ఇద్దర్నీ నేనే సూడాలి. నన్నెవరైనా అడిగేరా? నాకు నలభై ఎనిమిది. నా నడుం గురించి ఈ ఇంట్లో ఒక్కరికైనా తెలుసా?"

నిజమే. పద్దెనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. నేను అడగలేదు.

ఇంకొకటి ఆమెకి చెప్పలేదు. ఆయన పోయి పుట్టింటికి వచ్చిన ఏడాది నాన్న నన్ను గల్లాపెట్టె పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీలో ఉంటే నేను ఎవరి ఇంట్లో ఉన్నానని ఎవరూ అడగలేదు. కొట్టు ఇవ్వొద్దని నేను పట్టుబట్టింది తమ్ముడి కోసం సగం. మిగతా సగం ఇది. స్వామికి తెలుసు. ఇన్నాళ్లూ ఆయన దగ్గర కూడా మొదటి సగమే చెప్పాను.

శివాజీకి కబురు చెయ్యమన్నాను.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. ఉండ్రాళ్లు నైవేద్యం. నేను ఒక్కటి తిన్నాను. అన్నం, మాత్ర.

సెప్టెంబరు 3, బుధవారం

శివాజీ స్టాంపు కాగితం టైపు చేయించి తెచ్చాడు. ఇది భాద్రపదం, శూన్యమాసం, కొత్త కొట్టు తెరవకూడదు, దసరాకి తెరుస్తానన్నాడు. అద్దె మాత్రం ఈ నెల నుంచే ఇస్తానన్నాడు. తమ్ముడు వద్దన్నాడు.

"సరుకు ఖాళీ చెయ్యడానికి మాకూ నెల పడతాది. వాడుకోని చోటుకి డబ్బులు తీసుకోడం మా ఇంటా వంటా లేదు. అడ్వాన్సు ఇయ్యి, చాలు."

శైలజ మళ్లీ గ్లాసులు కడగడానికి లేచింది.

సంతకాల దగ్గర శివాజీ ఇంకు పెట్టె బయటికి తీశాడు. మంచి ఉద్దేశంతోనే.

"అంకుల్, వేలిముద్ర వేసినా చెల్లుతుందండి. కష్టపడొద్దు."

"ఇంకు లోపల పెట్టు బాబూ" అన్నాడు తమ్ముడు.

మాత్ర వేసుకున్న గంటకి చెయ్యి కాస్త మాట వింటుంది. అందుకే పదకొండింటికి రమ్మన్నాడని అప్పుడు అర్థమైంది. కాగితం కింద అట్ట పెట్టించుకున్నాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. 'మో' రాసి ఆగాడు. నేను మెల్లగా "ఒకటి, రెండు" అన్నాను. "ఇది కాలు కాదక్కా" అన్నాడు. శివాజీ గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. మంచి పిల్లవాడు. ఇరవై నిమిషాలు పట్టింది. అక్షరాలు చీమలంత ఉన్నాయి. కానీ అన్నీ ఉన్నాయి.

తర్వాత కాగితం నా ముందుకి వచ్చింది. కన్యాకుమారి అని రాశాను. నా చెయ్యి వణకలేదు. ఒక్క క్షణంలో అయిపోయింది. అంత తొందరగా అయినందుకు సిగ్గేసింది.

సెప్టెంబరు 5, శుక్రవారం

డాక్టరు గారు వేలు చూసి ఇంకో వారం ఆగమన్నారు. పైడిరాజు షాపులో తమ్ముడివి, నావి, పూర్తి నెలకి. "రెండూనా అప్పా?" అన్నాడు. రెండూ.

నారాయణమ్మకి విషయం తెలిసింది. వచ్చి కొట్టు గుమ్మం మీద కూలబడింది. "మరి నాను సింతపండు ఎక్కడ కొనీది?" అని మా ముగ్గుర్నీ తిట్టింది. తమ్ముడు నవ్వాడు. ఈసారి అందరికీ కనపడింది.

సెప్టెంబరు 7, ఆదివారం

సంపూర్ణ చంద్రగ్రహణం. రాత్రి తొమ్మిదీ యాభై ఏడుకి పట్టు. మధ్యాహ్నం ఒంటిగంట లోపు భోజనాలు ముగించాలి, ఆ తర్వాత విడుపు స్నానం అయ్యేదాకా పచ్చి గంగైనా ముట్టకూడదు. కోవెల మధ్యాహ్నమే మూసేశారు. నీళ్లలో, పచ్చళ్లలో దర్భలు వేశాను. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను గ్రహణం పాటించకుండా ఉన్నది లేదు.

పొద్దున్న కోవెల్లో పంతులు గారు అందరికీ చెబుతున్నారు: పసిపిల్లలకి, గర్భిణులకి, ముసలివాళ్లకి, రోగులకి ఈ నియమం లేదు. ఏటేటా వినే మాటే. నాలుగేళ్లుగా తమ్ముడి కోసం వింటున్నాను. ఎప్పుడూ తల ఊపి, ఇంటికొచ్చి వాడికి వండిపెట్టి, నేను ఉపవాసం ఉండేదాన్ని.

సాయంత్రం ఏడింటికి శైలజ స్నానం చేసి తడి జుట్టుతో వంటింట్లోకి వచ్చింది. పీట వేసి కంచం పెట్టింది. దాని పక్కన ఇంకో కంచం పెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. తమ్ముడు గోడ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. చెంచా ముట్టుకోలేదు.

"చల్లారిపోతాది అక్కా."

కూర్చున్నాను. కుడి చేతిలో అన్నం ముద్ద పట్టుకుని స్వామికి ఒక్క మాట చెప్పుకున్నాను. కోరిక కాదు. ఈ ఇంట్లో రోగులు ఇద్దరు అని.

తిన్నాను. మాత్ర వేసుకున్నాను. తమ్ముడూ తిన్నాడు.

గ్రహణం పట్టు ఈసారి శైలజ ఒక్కర్తే ఉంటోంది. నడుం నొప్పికి నూనె కాచి ఇచ్చాను. విడుపు దాకా తోడు కూర్చుంటానన్నాను. వెళ్లి పడుకోమంది.